పెద్దమ్మ చూడని కేదారం

నందిగామ హైస్కూల్లో నేను సోషల్ చెప్పేవాణ్ణి. ఏటా జులైలో ఎనిమిదో తరగతికి హిమాలయాల పాఠం వచ్చేది. గోడకు మ్యాపు తగిలించి, బెత్తంతో ఆ గోధుమరంగు పట్టీ వెంట కాశ్మీరం నుంచి అస్సాం దాకా పోతూ మంచు శిఖరాలు, నదులు, దేవదారు అడవులు అన్నీ వర్ణించేవాణ్ణి. అప్పటికి నేను చూసిన మంచల్లా ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపప్పొట్టులో దొర్లించుకొచ్చే దిమ్మ. ఎక్కిన ఎత్తల్లా జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి తవ్వి పోసిన గుట్ట. పిల్లలు మాత్రం నేను అక్కడే పుట్టి పెరిగినట్టు నోరు తెరుచుకుని వినేవాళ్లు. ఒకడు లేచి, "సార్, అక్కడ ఊపిరి ఆడదంట గదా, మీకెట్టా ఉండింది?" అని అడిగితే, "కూర్చో" అన్నాను.

వత్సవాయిలో మా పెద్దమ్మ ఉండేది, మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక పదిహేనెకరాల వ్యవసాయం ఒంటిచేత్తో నడిపిన మనిషి. పిల్లలు లేరు. ట్రాక్టరు డ్రైవరు దగ్గర్నుంచి తాలూకా ఆఫీసు గుమాస్తా దాకా ఆవిడ గొంతు వినబడితే సర్దుకుని నిలబడేవాళ్లు. ఆవిడ సర్దుకుని నిలబడేది శివుడి ముందొక్కటే. శివరాత్రికి ముక్త్యాల వెళ్లి, కృష్ణలో మునిగి, గుళ్లో అభిషేకం చేయించుకుని వచ్చేది. అయినా ఆవిడకు తృప్తి లేదు.

"ముక్త్యాలలో ఉన్నాయన మన తాలూకా ఆఫీసురా. కాగితం తీసుకుంటాడు, పైకి పంపుతాడు. హెడ్డాఫీసు కేదారంలో ఉంది" అనేది.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో ఆ హెడ్డాఫీసుకు దారి దొరికింది. జగ్గయ్యపేటలో ఒకాయన ఏటా యాత్రలు నడిపేవాడు. బెజవాడలో రైలెక్కించి, ఢిల్లీలో దింపి, అక్కడి నుంచి బస్సులో హరిద్వారం, కేదారం, బదరి చూపించి తెచ్చేవాడు. వంటవాణ్ణి, బియ్యం బస్తాల్ని, పచ్చడి జాడీల్ని వెంట తీసుకుపోయేవాడు. పెద్దమ్మ ఒక ఆదివారం బస్సు దిగి మా ఇంటికొచ్చి, ఆయన అచ్చు వేయించిన కాగితం నా చేతిలో పెట్టింది.

"ఒంటరిగా పోలేను. తోడొస్తావా?"

కాగితం చివరిదాకా చదివి, "వస్తా పెద్దమ్మా" అన్నాను. నేను బతిమాలించుకుంటానని సిద్ధపడి వచ్చిందేమో, పైట చెంగుతో కళ్లు ఒత్తుకుని, "వీడిలో ఇంత భక్తి ఉందని నాకే తెలియదే" అని మా ఆవిడతో అంది. చుట్టాలందరికీ కూడా అదే చెప్పింది. నిజానికి ఆ కాగితంలో హరిద్వారానికీ కేదారానికీ మధ్య చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: ముస్సోరి, ఒక పూట. పుస్తకాల్లో 'వేసవి విడిది' అని చదివి చదివి, పిల్లలతో రాయించి రాయించి, అలాంటిదొకటి కళ్లారా చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. దేవుణ్ణి ఎక్కడైనా చూడొచ్చు అనుకునే రకం నేను.

నందిగామలో మే నెలలో స్వెట్టరు సంపాదించడమంటే తమాషా కాదు. మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒకటి తెచ్చిచ్చారు. "ఎప్పుడో మా చర్చికి పై దేశాల నుంచి బట్టల మూట వస్తే, అందులో మా నాన్నకి వచ్చిందండి. ఒక్కరోజు కూడా వేసుకోలేదు. ఇక్కడ చలి ఎక్కడిదండీ?" అన్నారు. ముదురు ఎరుపు స్వెట్టరు. ఛాతీ మీద కొమ్ములు విప్పిన దుప్పి బొమ్మ. చర్చిది గదా, పెద్దమ్మ ఏమంటుందోనని భయపడుతూనే చూపించాను. ఆవిడ ఉన్ని పట్టుకు చూసి, బొమ్మ చూసి, "శివుడి చేతిలో లేడి ఉంటుంది, తెలీదా? వేసుకో" అంది.

ఆవిడ సామానులో ఒకటి మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక గాజు సీసా. అందులో ఇంటి నెయ్యి. కేదారంలో భక్తులు స్వయంగా శివుడికి నెయ్యి పూయొచ్చని ఎవరో చెప్పారట. రైల్లో రెండు పగళ్లూ ఆ సీసాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకు కూర్చుంది.

ముస్సోరి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నారు. పైకి చేరేసరికి వాన. లోయలో మబ్బు, కొండ మీద మబ్బు. సగం మంది చలికి బస్సు దిగనేలేదు. పెద్దమ్మ దిగి, గొడుగు కింద నిలబడి అటూ ఇటూ చూసింది.

"గుడి ఎక్కడరా?"

"ఇక్కడ గుడి చూడ్డానికి రారు పెద్దమ్మా."

"మరెందుకొస్తారు?"

"చల్లగా ఉంటుందని."

"చల్లగా ఉంటుందనా? అందుకని తెల్లోళ్లు ఇంత దూరమొచ్చి మేడలు కట్టారా?" అని గొడుగు సర్దుకుని, "పాపం, వాళ్లకి ఇంకేం పన్లు లేవేమో" అంది. నేను కోటు వేసుకున్న ఒకతని దగ్గర కాల్చిన మొక్కజొన్న కండె కొనుక్కుని, ఒక గంటసేపు మబ్బును చూసి, బస్సెక్కాను. ఆ తర్వాత వేసవి విడుదుల గురించి పిల్లలకు ఎప్పుడూ రెండు వాక్యాలకు మించి చెప్పలేదు.

గౌరీకుండం దగ్గర బస్సు రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి కేదారానికి పద్నాలుగు కిలోమీటర్ల కొండదారి. నడవలేని వాళ్లకు గుర్రాలున్నాయి. లేదంటే వెదురుబుట్ట వీపుకు కట్టుకుని మనిషిని మోసుకుపోయే కూలీలున్నారు. పెద్దమ్మ మోకాళ్లు వత్సవాయిలో పొలం గట్టు మీదే మొరాయించేవి. ముందు గుర్రం ఎక్కించాం. ఆ గుర్రానికి దారికి ఒక వారగా, సరిగ్గా లోయ అంచునే నడిచే అలవాటుంది. నూరు గజాలు పోయాక, "ఆపరా, ఆపు! నేను శివుణ్ణి చూడాలిగానీ ఆయనలో కలిసిపోవటానికి రాలేదు" అని కేకలేసి దిగిపోయింది.

ఇక మిగిలింది బుట్ట. ఒక ముసలి కూలీ వచ్చి, ఆవిడ ముందు వంగి, బుట్ట నేలకు ఆనించి కూర్చున్నాడు. అతని మెడ నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి. పెద్దమ్మ బుట్ట కేసి ఒకడుగు వేసి ఆగింది.

"ఇతనికి నా వయసుంటుంది గదరా."

"వాళ్లకి అలవాటే పెద్దమ్మా. అది వాళ్ల పని."

"అలవాటైతే మాత్రం? మనిషి వీపెక్కి పోయి ఆయనకేం మొహం చూపించను?"

నాటు రోజుల్లో తెల్లారకముందే కూలీలను మడిలోకి దింపి, పొద్దుగూకేదాకా నడుం ఎత్తనివ్వని మనిషి ఈ మాట అంటుంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఆ సంగతి గుర్తు చేద్దామనుకుని, మానుకున్నాను. ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. అతని చేతిలో ఏదో పెట్టి పంపించేసి, పక్కనున్న టీ కొట్టు బల్ల మీద కూలబడింది. ఎన్నో ఏళ్లుగా కలవరించిన కొండ ఎదురుగా ఉంది. ఆవిడ దానివైపు చూడలేదు, తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"నేన్రాను. నువ్వు పో. నా బదులు చూసిరా" అని సీసా నా చేతిలో పెట్టింది.

అలా, ముస్సోరి కోసం బయల్దేరిన వాణ్ణి, చర్చి స్వెట్టరు వేసుకుని, కేదారం కొండ ఎక్కాను. పొద్దుగూకే వేళకు చేరాను. ఆ వేళ శివుణ్ణి తాకనివ్వరు, పొద్దున రమ్మన్నారు. పొద్దున లేచి చూస్తే నాలుగు దిక్కులా తెల్లటి పొగమంచు. గుడి కూడా ముప్పై అడుగుల దూరంలోకి వెళ్లాకే కనబడింది. గుడి వెనక మంచుకొండ ఉండాలి. ఉందని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. నాకు మాత్రం కనపడలేదు.

లోపల చీకటి, తోపులాట. నేలంతా నెయ్యి జిడ్డు. కాలు జారి మోకాలు గుమ్మానికి కొట్టుకుంది. పూజారి నా సీసా చూసి హిందీలో అడిగాడు, "ఆవుదేనా?" అని. నాకు ఆ మాత్రం హిందీ వచ్చు. అవునన్నాను. అది పెద్దమ్మ ముర్రా గేదె నెయ్యి. వంచితే చలికి గడ్డకట్టి చుక్క రాలేదు. వేలితో గీకి, లింగంగా కొలిచే ఆ రాయికి ఒక పక్క పూశాను. రెండోసారి వేలు పెట్టబోయేలోగా వెనక నుంచి ఎవరో తోశారు. మరుక్షణం బయట ఉన్నాను. సరిగ్గా దణ్ణం పెట్టుకున్నానో లేదో కూడా గుర్తులేదు. మేజోళ్లు తడిసి పాదాలు కొయ్యబారిపోయాయి.

దిగేటప్పుడు దారంతా వాన. గౌరీకుండం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్దమ్మ అదే టీ కొట్టు ముందు, ముక్కుకు పెద్ద రింగున్న ఒకామెతో కలిసి చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి లేచింది.

"చూశావా?"

"చూశా."

"కూర్చో. చెప్పు."

ఉన్నదున్నట్టు చెబుదామనే కూర్చున్నాను. కానీ ఆవిడ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లలా నా మొహంలోకి చూస్తోంది. పొగమంచు అని ఎట్లా చెప్పను?

"పొద్దున తలుపులు తీసేసరికి ఎండొచ్చింది పెద్దమ్మా. గుడి వెనక కొండంతా బంగారం పూత పూసినట్టయింది."

"తర్వాత?"

"నీ నెయ్యి పోస్తే ధారగా జారింది."

"తర్వాత?"

"తర్వాత... ఒక గద్ద వచ్చింది. గుడి శిఖరం చుట్టూ మూడుసార్లు తిరిగి, కొండ వైపు వెళ్లిపోయింది."

గద్ద ఎందుకొచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తర్వాత, తర్వాత అని అడుగుతుంటే ఏదో ఒకటి రావాలి గదా. పెద్దమ్మ చేతులు రెండూ తలపైకి ఎత్తి దణ్ణం పెట్టింది. ఒక్క ముక్క తెలుగు రాని ఆ టీ కొట్టామె కూడా ఆవిణ్ణి చూసి దణ్ణం పెట్టింది.

తర్వాత బదరి వెళ్లాం. అక్కడ బస్సు గుడి దగ్గరిదాకా పోతుంది. ఆవిడ తీరిగ్గా, రెండుసార్లు, తృప్తిగా దర్శనం చేసుకుంది. ఊరికొచ్చాక బదరి గురించి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

మాట్లాడిందంతా కేదారం గురించే. వచ్చిన వారానికల్లా వత్సవాయి ఆడవాళ్లంతా ఆవిడ వరండాలో ఉన్నారు. నేను వేసవి సెలవుల్లో ఉండి, ఆ మొదటి సభకు వెళ్లాను. "తలుపులు తీసేసరికి ఎండొచ్చిందమ్మా" అని మొదలుపెట్టింది. కానీ ఆవిడ ఎక్కడా 'నేను చూశాను' అనలేదు. కొండంతా బంగారమైంది, నెయ్యి ధార కట్టింది, గద్ద వచ్చింది. ఏ వాక్యంలోనూ మనిషి లేడు. తెలుగులో అదొక సదుపాయం, చూసిందెవరో చెప్పకుండానే అంతా చూపించేయొచ్చు. విన్నవాళ్లు వంగి ఆవిడ పాదాలు తాకారు. ఆవిడ వద్దనలేదు. నా వైపు ఒకసారి చూసి, "మావాడు పక్కనే ఉన్నాడుగా, అడగండి" అంది. నేను తల ఊపాను.

మా జట్టులో వత్సవాయి వాళ్లు ఇంకెవరూ లేరు. అంతా గుంటూరు, బెజవాడ మనుషులు. యాత్రలు నడిపే ఆయనకు విషయం తెలుసు. కానీ తన యాత్రలో ఒకావిడ కొండ కిందే ఆగిపోయిందని ఆయన ఎందుకు చెబుతాడు?

ఆ కథ వినడానికి జగ్గయ్యపేట నుంచి కూడా వచ్చేవాళ్లు. వాళ్లలో బట్టల కొట్టాయన భార్య ఒకావిడ. భారీ మనిషి. పెద్దమ్మతో ఆవిడకు ఏళ్ల నాటి పోటీ ఉండేది, ఎవరు ముందు కార్తీక దీపం వెలిగించారు, ఎవరు ఎన్ని అభిషేకాలు చేయించారు అని. ఆ కథ మూడుసార్లు విని, తరవాతి వేసవిలో ఆవిడ కూడా యాత్రకు డబ్బు కట్టింది. వెళ్లే ముందు సలహాకు వస్తే, "గుర్రం మటుకు ఎక్కొద్దు" అని పెద్దమ్మ ఎంతో అనుభవజ్ఞురాలిలా చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆవిడ తిరిగొచ్చి ప్రసాదం ఇవ్వడానికి వత్సవాయి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వరండాలో కుర్చీ ఆవిడకు చాలక, మంచం వేశాం.

"మీరు చెప్పినట్టే వదినగారూ! అచ్చం మీరు చెప్పినట్టే! తలుపులు తీసేసరికి ఎండొచ్చింది. కొండంతా బంగారం."

"గద్దొచ్చిందా?" అని అడిగింది పెద్దమ్మ.

"రాకేం? మూడుసార్లు తిరిగిందండీ గుడి చుట్టూ. నా ఒళ్లు జలదరించింది."

నేను కల్పించి పంపిన గద్ద ఏడాది తర్వాత కూడా డ్యూటీ మీద ఉందా? ఒక్క క్షణం నిజంగానే భయం వేసింది, నాకు తెలియకుండా నేనేమైనా నిజం చెప్పానా అని. పెద్దమ్మ మాత్రం తొణక్కుండా విసనకర్ర విసురుకుంటూ, "మోకాళ్లెట్టా ఉన్నాయి?" అంది.

"ఏముందండీ, ఆయనే నడిపించాడు."

"మంచిది. గౌరీకుండంలో టీ కొట్టుంటుంది, ముక్కుకి పెద్ద రింగున్నామె. కనపడిందా?"

"ఎందుకు కనపడదండీ? ఎంత మంచిదండీ ఆమె! భాష రాకపోతేనేం, రెండు రోజులూ నన్ను కదలనివ్వకుండా కూర్చోబెట్టి కాళ్లకి ఆవనూనె రాసి..." అని, ఆవిడ ఆగిపోయింది.

మంచం కిర్రుమంది. వాకిట్లో కోడి ఒకటి అటు నుంచి ఇటు నడిచి వెళ్లింది. కొండ ఎక్కి దిగిన మనిషికి, కింద టీ కొట్టు దగ్గర కదలకుండా కూర్చోవడానికి రెండు రోజులు ఎక్కడివి? నేను పెద్దమ్మ వైపు చూశాను. ఎప్పటి పోటీ, ఎంత మంచి అవకాశం! ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

"కాఫీ తాగమ్మా, చల్లారిపోతోంది" అంది పెద్దమ్మ.

ఆవిడ కాఫీ తాగి, కళ్లెత్తకుండా వెళ్లొస్తానని చెప్పి లేచింది. పెద్దమ్మ వీధి గుమ్మం దాకా వెళ్లి, చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించి వచ్చింది. ఇద్దరి మోకాళ్లూ ఒకే తీరుగా పట్టేస్తుంటే, ఇద్దరూ ఒకే తీరుగా కుంటుతూ నడిచారు.

"పెద్దమ్మా, మరి గద్ద?" అన్నాను లోపలికి వచ్చాక.

"గద్దేముందిరా, నువ్వు పంపిందేగా."

"నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు. నిజంగా చూసినోడు మూడుసార్లని లెక్కపెడతాడా? నోరు తెరుచుకుని చూస్తాడు."

"మరి అందరికీ ఎందుకు చెప్పావు?"

"అంత వానలో దిగొచ్చి, వణుక్కుంటూ అంత కష్టపడి చెప్పావు. ఊరికే పోనివ్వటం ఎందుకని." విసనకర్ర పక్కన పెట్టింది. "మొదటిరోజు చెప్పాక, కాళ్లకి దణ్ణాలు పెట్టారు గదా. ఇంక ఆపటానికి సిగ్గేసింది. సరే, ఇప్పుడు చెప్పు. అసలేం జరిగింది అక్కడ?"

ఈసారి ఏదీ దాచకుండా చెప్పాను. పొగమంచు, తోపులాట, మోకాలి దెబ్బ, గడ్డకట్టిన నెయ్యి. పూజారి ఆవుదేనా అని అడిగితే అవునన్నానని కూడా చెప్పాను.

"గేదెదని చెప్పలేదా?"

"లేదు."

"వేలితో గీకి పూశావా? నీ చేత్తో?"

"ఒక్కసారే పూశా. ఇంతలో తోసేశారు."

"ఆయనకు తగిలింది గదా?"

"తగిలింది."

ఆవిడ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను పోసిన ధారకు, తెప్పించిన ఎండకు రాని వెలుగు ఆ మొహంలోకి వచ్చింది. "ఈ ఒక్కముక్క ఆ రోజే చెప్పొచ్చుగదరా, వెధవా" అంది.

ఆ తర్వాత ఎవరడిగినా ఆవిడ ఎండ గురించీ బంగారం గురించీ చెప్పడం మానేసింది. "నేను పైకి పోలేదమ్మా, కిందే కూర్చున్నా" అనేది. గౌరీకుండంలో వేడినీళ్ల గుండం గురించి, టీ కొట్టామెకు గోంగూర పచ్చడి పెడితే కళ్ల నీళ్లు కారుతున్నా మళ్లీ చెయ్యి చాపిన సంగతి చెప్పేది. విన్నవాళ్లు మర్యాదగా అంతా విని, చివర్లో, "పెద్దవాళ్లు, వినయంగా అట్టా అంటున్నారుగానీ, ఆ గద్ద సంగతి చెప్పండి" అనేవాళ్లు. ఆవిడ వినయం పేరు కూడా చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. యాత్రలు నడిపే ఆయన తన కొత్త కాగితంలో కేదారం పక్కన 'గరుడ దర్శనం' అని చేర్చాడు.

పెద్దమ్మ మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. కానీ ఏటా వేసవిలో ఒక చిన్న జాడీలో గోంగూర పచ్చడి పెట్టి, గుడ్డతో మూతి కట్టి, యాత్రలు నడిపే ఆయన చేత గౌరీకుండం టీ కొట్టామెకు పంపేది. జాడీ ఖాళీగా తిరిగి రాలేదు, అక్రోటు కాయలతో వచ్చేది. వాటిని ఎట్లా పగలగొట్టాలో వత్సవాయిలో ఎవరికీ తెలియదు. జగ్గయ్యపేట నుంచి బట్టల కొట్టావిణ్ణి పిలిపించి, ఇద్దరూ రోటి ముందు కాళ్లు చాపుకు కూర్చుని, పచ్చడిబండతో ఒక్కొక్కటే కొట్టుకుని తినేవాళ్లు. అప్పుడు ఆ ఇద్దరి మధ్యా కేదారం మాట రావడం నేనెప్పుడూ వినలేదు.